నలభై ఫ్లాట్ల వైఫై, ఒకటే గాలి: రూటర్ పవర్ పెంచాలా, తగ్గించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. విశాఖ మధురవాడలో మీది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, నలభై ఫ్లాట్లు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఫైబర్ కనెక్షన్, ఒక వైఫై రూటర్ ఉన్నాయి. మీరు 100 ఎంబీపీఎస్ ప్లాన్ నుంచి 300కి మారారు. పగలు బాగానే ఉంటుంది, రాత్రి ఎనిమిది దాటాక పదకొండు దాకా వీడియో కాల్ ఆగి ఆగి వస్తుంది, మీ అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు మధ్యలో తెగిపోతోంది. షాపులో ఆరు యాంటెన్నాల 'హై పవర్' రూటర్ తీసుకోమన్నారు. అది కొనాలా, ఇంతమంది ఒకే చోట స్పెక్ట్రమ్ (రేడియో తరంగాల చోటు) వాడుకోవాలంటే సరైన పద్ధతి ఏమిటి, మొబైల్ కంపెనీలు అంతమందికి ఎలా సర్దుతున్నాయి అని అడిగారు.

ఆ రూటర్ కొనకండి. మీ కష్టం సిగ్నల్ తక్కువై వచ్చింది కాదు, గాలిలో రద్దీ ఎక్కువై వచ్చింది. పవర్ పెంచితే ఆ రద్దీ ఇంకా పెరుగుతుంది. టీవీ, డెస్క్‌టాప్ లాంటి కదలని వస్తువుల్ని కేబుల్ మీదికి మార్చండి. ఫోన్లనీ ల్యాప్‌టాప్‌లనీ 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టండి (రూటర్లలో మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రేడియో బ్యాండ్లుంటాయి). చానల్ (బ్యాండ్‌లో మీ రూటర్ వాడుకునే ముక్క) వెడల్పు తగ్గించండి, రూటర్ పవర్ కూడా తగ్గించండి. చివరిది విడ్డూరంగా అనిపిస్తుందని తెలుసు. వైర్‌లెస్ లింకులు, హాస్టళ్లు, లాడ్జీలు, అపార్ట్‌మెంట్ల పని ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లోనే చేస్తున్నాను. మీలాంటి ఇళ్లలో ఎక్కువసార్లు ఫలితం ఇచ్చింది అదే.

అయితే ముందు ఒక పరీక్ష చేయండి. రాత్రి తొమ్మిదింటికి ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కలపండి. ఇంట్లో మిగతావాళ్లని పది నిమిషాలు నెట్ వాడొద్దని చెప్పి స్పీడ్ టెస్ట్ పెట్టండి. కేబుల్ మీద కూడా స్పీడ్ పడిపోతే తప్పు గాలిది కాదు, ఆపరేటర్ లైనుది. ఫైబర్‌లోనూ పంపకం ఉంటుంది. ఇళ్లకు వచ్చే మామూలు ఫైబర్ లైన్‌లో (దీన్ని జీపాన్ అంటారు) ఒక పోగుని 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు, ఆ ఇళ్లన్నీ దాదాపు 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్‌ని పంచుకుంటాయి. అక్కడ ఇబ్బంది ఉంటే కింద నేను రాసినవేవీ పనిచేయవు, ఆపరేటర్‌ని పట్టుకోవాల్సిందే. కేబుల్ మీద 280, 290 వస్తూ వైఫైలో 15 వస్తుంటే మాత్రం ఇక్కణ్ణుంచి చదవండి. మీరు రాసిన లక్షణాల్ని బట్టి మీది రెండో రకమేనని నా నమ్మకం.

మీరు డబ్బు కట్టి కొంటున్నది స్పీడ్. గాలిలో పంచుకుంటున్నది సమయం. ఈ తేడా పట్టుబడితే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది.

మా చిన్నప్పుడు అక్కయ్యపాలెంలో వీధి కుళాయికి పొద్దున్నే కాసేపు నీళ్లొచ్చేవి. వరసలో బిందెలు పెట్టేవాళ్లు. వెడల్పు మూతి బిందె తెచ్చినవాళ్లు కుళాయి పూర్తిగా తిప్పి గబగబా నింపుకుని వెళ్లిపోయేవాళ్లు. ఇరుకు మూతి డబ్బా తెచ్చినవాళ్లు ధార సన్నగా పెట్టుకుని నింపుకోవాలి. ఇద్దరికీ దక్కేది ఒక్కో వంతే, కానీ ఆ డబ్బా నిండడానికి పట్టే సమయంలో వెనక ఉన్న నాలుగు బిందెలు నింపుకోవచ్చు. నీళ్లు ఆగిపోయే వేళకి వరసలో మిగిలిపోయినవాళ్లకి కోపం వచ్చేది ఆ డబ్బా మీదే.

వైఫైలోనూ ఒక చానల్ మీద ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడాలి. మీ రూటర్ 1500 బైట్ల ప్యాకెట్ (డేటా మూట) ఒకటి పక్కనే ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌కి 300 ఎంబీపీఎస్ వేగంతో పంపితే 40 మైక్రోసెకన్లు పడుతుంది. అదే ప్యాకెట్ బాత్రూమ్ గోడ అవతల, సిగ్నల్ అందీ అందని పాత ఫోన్‌కి 6 ఎంబీపీఎస్‌తో పంపితే 2000 మైక్రోసెకన్లు. అంటే యాభై రెట్లు. (ప్రతి ప్యాకెట్ ముందూ వెనకా పట్టే కొంత సమయాన్ని లెక్కలోంచి వదిలేశాను.) ఒక్క నెమ్మది ఫోన్ చానల్‌లోని అందరినీ తన వేగానికి దించేస్తుంది. ఆ ఫోన్ మీ ఇంట్లోదే కానక్కర్లేదు, పై ఫ్లాట్‌లోదైనా మీ రూటర్‌కి వినిపిస్తే చాలు, అది ముగించేదాకా మీరు ఆగాలి.

ఆగడం అనేది పరికరాల్లోనే ఉన్న నియమం. మాట్లాడే ముందు వినాలి. ఎవరూ మాట్లాడకపోతే ఇంకొంచెం ఆగి, సున్నా నుంచి 15 లోపు ఒక అంకె ఎంచుకుని, అన్ని లెక్కలు లెక్కపెట్టి అప్పుడు పంపాలి. ఒక్కో లెక్క 9 మైక్రోసెకన్లు. ఇద్దరు ఒకే అంకె ఎంచుకుంటే ప్యాకెట్లు ఢీకొంటాయి, అప్పుడు ఆ 15ని 31, 63, అలా 1023 దాకా పెంచుకుంటూ మళ్లీ ప్రయత్నించాలి. నలుగురున్న చోట ఇది చక్కగా నడుస్తుంది. నలభైమంది చేరితే లెక్కపెట్టడానికీ ఢీకొనడానికీ పోయే సమయం అసలు పని సమయాన్ని తినేస్తుంది. రాత్రి ఎనిమిది దాటాక మీ ఇంట్లో జరుగుతున్నది అదే.

ఈ క్రమమే లేకపోతే ఎలా ఉంటుందో 1971లోనే తెలిసిపోయింది. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లని రేడియోతో కలిపి దానికి అలోహానెట్ అని పేరు పెట్టింది. పంపాలనిపించినప్పుడు పంపడం, ఢీకొంటే కాసేపాగి మళ్లీ పంపడం, అంతే దాని పద్ధతి. లెక్క కట్టి చూస్తే అలాంటి చానల్‌లో ఎంత బాగా నడిచినా 18 శాతమే పనికొస్తుంది. కాలాన్ని సమాన ముక్కలుగా కోసి, ముక్క మొదట్లోనే పంపాలి అని ఒక్క నియమం పెడితే అది దాదాపు 37 శాతం అవుతుంది. అదే రేడియో, అదే పవర్. క్రమశిక్షణ ఒక్కటే రెట్టింపు చేసింది. నేను ఈ రంగంలో ఇష్టంగా ఉండిపోవడానికి ఇలాంటి లెక్కలే కారణం.

ఇక చాలామందికి తెలియని ఒక ఖర్చు చెబుతాను. ఎవరూ నెట్ వాడకపోయినా ప్రతి రూటర్ తన పేరు చెప్పుకుంటూనే ఉంటుంది. దాన్ని బీకన్ అంటారు, 102.4 మిల్లీసెకన్లకి ఒకసారి, అంటే సెకనుకి దాదాపు పది. పాత పరికరాలకి కూడా అర్థం కావాలని చాలా రూటర్లు 2.4 గిగాహెర్ట్జ్‌లో దాన్ని అతి తక్కువ వేగంతో, 1 ఎంబీపీఎస్‌తో పంపుతాయి. బీకన్ 300 బైట్లు అనుకుంటే ఒక్కోదానికి సుమారు 2.6 మిల్లీసెకన్లు. సెకనుకి పది అంటే 26 మిల్లీసెకన్లు, రెండున్నర శాతానికి పైనే. మీ గదిలో ఒకే చానల్ మీద ఇరవై పేర్లు కనిపిస్తున్నాయంటే సగం సమయం పేర్లు చదువుకోవడానికే అయిపోయింది. అందుకే గెస్ట్ నెట్‌వర్క్ అనీ, పిల్లలకొకటీ, కెమెరాలకొకటీ అని ఒకే రూటర్‌లో నాలుగు పేర్లు పెట్టుకోవద్దని నేను పోరు పెడతాను. ప్రతి పేరూ మళ్లీ ఒక బీకన్. రూటర్‌లో '802.11బీ' అనే పాత పద్ధతిని ఆపే సదుపాయం ఉంటే ఆపండి, బీకన్ 6 ఎంబీపీఎస్‌కి మారి ఆ ఖర్చు బాగా తగ్గిపోతుంది. ఇంట్లో మరీ పాత ప్రింటరో కెమెరానో ఉంటే అది ఆగిపోవచ్చు, ముందు చూసుకోండి.

పవర్ సంగతి. రూటర్ గట్టిగా అరిస్తే ఫోన్‌కి వినిపిస్తుంది, నిజమే. కానీ ఫోన్ కూడా రూటర్‌కి జవాబు చెప్పాలి కదా. ఫోన్ బ్యాటరీ మీద నడిచే చిన్న వస్తువు, దాని గొంతు మీ రూటర్ గొంతు కంటే సాధారణంగా చిన్నదే. అందుకే 'ఫుల్ సిగ్నల్ చూపిస్తోంది కానీ ఏదీ తెరుచుకోదు' అనే ఫిర్యాదు. ఇది మొదటి కారణం. రెండోది ఇంకా ముఖ్యం. ఒక వైఫై పరికరం ఇంకో దాని మాటని మైనస్ 82 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) అంత బలహీనంగా విన్నా మర్యాదగా ఆగాలి. మీరు పవర్ పెంచితే మీ గొంతు ఇంకో రెండంతస్తులు దాటుతుంది, అక్కడివాళ్లూ మీకోసం ఆగుతారు. వాళ్ల రూటర్లు ఇబ్బంది పడితే వాళ్లూ షాపుకెళ్లి హై పవర్‌వి తెస్తారు. అప్పుడు మీరు వాళ్లకోసం ఆగాలి. అందరూ అరిచే గదిలో ఎవరికీ ఏమీ వినపడదు, ఖర్చు మాత్రం అందరికీ అవుతుంది.

సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1948లో ఇచ్చిన సూత్రం కూడా ఇదే చెబుతుంది. సిగ్నల్ ఇప్పటికే బాగున్నచోట పవర్ రెట్టింపు చేస్తే ప్రతి హెర్ట్జ్ మీదా సెకనుకి ఒక్క బిట్ అదనంగా వస్తుంది, అంతకు మించి కాదు. పక్కవాడూ రెట్టింపు చేస్తే ఆ ఒక్కటీ పోతుంది.

ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ సంగతి చెబుతాను. అయిదంతస్తులు, అంతస్తుకి నాలుగు చొప్పున ఇరవై ఫ్లాట్లు. సెక్రటరీ రిటైరయిన లెక్కల మాస్టారు. ఆయన ఇంట్లో నిలబడి స్కాన్ చేస్తే 2.4లో ముప్పైకి పైగా పేర్లు కనిపించాయి, చానల్ 2, 3, 4, 8, 9 అంటూ ఎక్కడపడితే అక్కడ. మాస్టారు అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. నేను పవర్ తగ్గించాలి అనగానే మూడో అంతస్తు మామ్మగారు లేచి, "నాది తగ్గిస్తే నా స్పీడు పక్కింటోళ్లకి పోదా బాబూ?" అని అడిగారు. నేను చెప్పేలోపు మాస్టారే, "పోదండీ పిన్నిగారూ. మీ టీవీ సౌండు తగ్గిస్తే మీకు వినపడకుండా పోదుగా, పక్కవాళ్లకి వినపడదు, అంతే" అన్నారు. ఆ ఒక్క మాటతో సభ నడిచింది.

తర్వాతి ఆదివారం మాస్టారి మనవడూ నేనూ ఇల్లిల్లూ తిరిగాం. మొదటి అంతస్తుకి 1, 6, 11, 1. రెండోదానికి 6, 11, 1, 6. మూడోదానికి 11, 1, 6, 11. నాలుగు మళ్లీ మొదటిలా, అయిదు రెండోదానిలా. కిందా పైనా ఒకే అంకె పడకుండా చూసుకున్నాం. పవర్ అందరికీ సగానికి దించాం. టీవీ పక్కనే రూటర్ ఉన్న ఇళ్లలో చిన్న కేబుల్ ముక్క వేశాం. మాస్టారు ఆ పట్టిక రాసి మీటర్ల గది తలుపుకి అతికించారు. ఎవరూ ప్లాన్ మార్చలేదు, కొన్నది కేబుల్ ముక్కలు మాత్రమే. ఆ రాత్రే మాస్టారు ఫోన్ చేసి అమెరికాలో ఉన్న కొడుకుతో గంటసేపు ఆగకుండా మాట్లాడానని చెప్పారు.

1, 6, 11 మాత్రమే ఎందుకు? 2.4 బ్యాండ్ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా, మొత్తం 83.5 మెగాహెర్ట్జ్. మన దేశంలో 13 చానల్స్ కనిపిస్తాయి గానీ వాటి మధ్య దూరం 5 మెగాహెర్ట్జే, ఒక్కో చానల్‌కి కావలసింది 20 పైన. అంటే ఒకదాని మీద ఒకటి పడకుండా ఇమిడేవి మూడే. 'అందరూ 6 మీద ఉన్నారు, నేను 4కి వెళితే ఖాళీగా ఉంటుంది' అని తెలివైనవాళ్లు కూడా అనుకుంటారు. అది 6 మీద ఉండడం కంటే చెడ్డది. 6 మీద ఉంటే పక్కవాళ్ల మాట మీకు అర్థమవుతుంది, వంతులు వేసుకుంటారు. 4 మీద ఉంటే వాళ్ల మాటలో సగం మీ మీద గోలలా పడుతుంది, అర్థం కాదు, ఇద్దరి ప్యాకెట్లూ పాడవుతాయి.

ఫిషింగ్ హార్బర్‌లో బోటువాళ్ల దగ్గర వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్లు ఎప్పుడైనా విన్నారా? చానల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్, పిలుపుకీ ఆపదకీ. దాని మీద ఒకరినొకరు పిలుచుకుంటారు, పలకగానే వేరే చానల్ నంబర్ చెప్పుకుని అక్కడికి వెళ్లి మాట్లాడుకుంటారు. 16 మీద ముచ్చట్లు పెట్టకూడదు, ఎందుకంటే ఎవరో నడిసముద్రంలో ఇంజిన్ ఆగిపోయి అదే చానల్‌లో పిలుస్తూ ఉండొచ్చు. అందరూ వినే చోట తక్కువ మాట్లాడడం, పని ఉన్నవాళ్లు పక్కకి వెళ్లడం. స్పెక్ట్రమ్ పంపకం గురించి నేను కొత్త కుర్రాళ్లకి నేర్పేటప్పుడు మొదట చెప్పేది ఇదే.

ఇప్పుడు 5 గిగాహెర్ట్జ్. 2.4ని మన ప్రభుత్వం 2005లో లైసెన్స్ అక్కర్లేకుండా వదిలింది. 5లో మాత్రం 2018 అక్టోబర్‌లో ఒకేసారి 605 మెగాహెర్ట్జ్ విడిచిపెట్టింది, 5150 నుంచి 5350, మళ్లీ 5470 నుంచి 5875. అంటే 20 మెగాహెర్ట్జ్ చానల్స్ రెండు డజన్లు. పైగా 5 గిగాహెర్ట్జ్ కాంక్రీట్ స్లాబుని సరిగా దాటలేదు. అందరూ దీన్ని లోపం అంటారు. అపార్ట్‌మెంట్‌లో ఇది వరం. మీ గాలి మీ ఇంట్లోనే ఉంటుంది, అదే చానల్‌ని రెండంతస్తుల పైన ఇంకొకరు హాయిగా వాడుకుంటారు.

కానీ ఇక్కడ ఒక పొరపాటు దాదాపు ప్రతి ఇంట్లో చూస్తాను. రూటర్ డబ్బా మీద పెద్ద అంకె రావాలని కంపెనీలు చానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెట్టి పంపిస్తాయి. రాడార్ బాధ (కింద చెబుతాను) లేని చానల్స్ 36 నుంచి 48, 149 నుంచి 165. వాటిలో 80 వెడల్పువి రెండే పడతాయి. నలభై ఫ్లాట్లూ ఆ రెండింటి మీదే కూర్చుంటాయి. 2.4లో మూడు దారులుండేవి, ఇక్కడికొచ్చి రెండు చేసుకున్నాం. మీలాంటి భవనంలో 40 పెట్టండి, మరీ రద్దీగా ఉంటే 20. స్పీడ్ టెస్ట్‌లో పై అంకె తగ్గుతుంది, కంగారు పడకండి. క్లాసు ఆగకుండా నడవడానికి 5 ఎంబీపీఎస్ చాలు, అది నిలకడగా రావాలి.

52 నుంచి 64, 100 నుంచి 140 దాకా ఉన్న మధ్య చానల్స్ ఎప్పుడూ ఖాళీగా కనిపిస్తాయి. అవి రాడార్లతో పంచుకునేవి. రూటర్ ఆ చానల్ ఎక్కే ముందు 60 సెకన్లు మౌనంగా వినాలి. వాడుతుండగా రాడార్ పల్స్ తగిలితే 10 సెకన్లలో ఖాళీ చేయాలి, తర్వాత అరగంట దాకా తిరిగి రాకూడదు. దీన్ని డీఎఫ్‌ఎస్ అంటారు. మధురవాడలో, కొండల చాటున, ఇవి నిస్సంకోచంగా వాడి చూడండి, ఖాళీ చానల్ అంటే బంగారం. బీచ్ రోడ్ మీద సముద్రం వైపు బాల్కనీలున్న ఇళ్లలో మాత్రం నేను జాగ్రత్తపడతాను. మనది పోర్టు ఉన్న ఊరు, తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా వేసిన ఒక లింక్ రోజూ ఏదో ఒక వేళ నిమిషం పాటు పడిపోయేది. వాతావరణం అనుకుని యాంటెన్నా రెండుసార్లు బిగించాను. చివరికి లాగ్ (పరికరం తనే రాసుకునే చిట్టా) తెరిచి చూస్తే ప్రతిసారీ 'రాడార్ గుర్తించబడింది' అని ఉంది. చానల్ 149కి మార్చాక మళ్లీ పడలేదు. కైలాసగిరి మీది వాతావరణ రాడార్‌ని దీనికి తిట్టుకోనక్కర్లేదు. అది ఎస్-బ్యాండ్‌ది, 3 గిగాహెర్ట్జ్ లోపల పనిచేస్తుంది, మన వైఫై దారికి రాదు.

రాడార్లతో పంచుకోవడం అంటే గుర్తొచ్చింది. అమెరికాలో 3550 నుంచి 3700 మెగాహెర్ట్జ్ దాకా నౌకాదళ రాడార్లున్న బ్యాండ్‌ని 2015లో మూడు అంచెలుగా పంచారు. మొదటి హక్కు నౌకాదళానిది. తర్వాత వేలంలో కొనుక్కున్నవాళ్లది. ఎవరూ వాడని చోటా వాడని వేళా మిగతా అందరిదీ. తీరం వెంట సెన్సర్లు రాడార్‌ని వింటుంటాయి, ఓడ దగ్గరకొస్తే ఒక కంప్యూటర్ వ్యవస్థ ఆ చుట్టుపక్కల పరికరాల్ని పక్కకి జరుపుతుంది, ఓడ వెళ్లాక మళ్లీ ఇస్తుంది. కాగితం మీద 'నిండిపోయింది' అని రాసి ఉన్న స్పెక్ట్రమ్ నిజంగా చాలా చోట్ల, చాలాసేపు ఖాళీగా ఉంటుంది. విశాఖ లాంటి ఊరికి ఈ ఆలోచన ఎంత ఉపయోగపడుతుందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మొబైల్ కంపెనీలు ఎలా సర్దుతున్నాయన్నారు. వాళ్లకి రెండు సౌకర్యాలున్నాయి. ఒకటి, వాళ్ల స్పెక్ట్రమ్ వాళ్లదే. 2022 వేలంలో కంపెనీలన్నీ కలిసి సుమారు లక్షన్నర కోట్లకి కొనుక్కున్నాయి, అందులోకి ఇంకొకరు రాకూడదు. రెండోది, పంచేవాడు ఉన్నాడు. టవర్‌లో షెడ్యూలర్ అని ఒకటి ఉంటుంది. 4జీలో అది ప్రతి మిల్లీసెకనుకి, 180 కిలోహెర్ట్జ్ ముక్కల చొప్పున, ఏ ముక్క ఎవరికో నిర్ణయిస్తుంది. 20 మెగాహెర్ట్జ్ ఉంటే మిల్లీసెకనుకి 100 ముక్కలు. ఎవరూ ఢీకొనరు, ఎవరూ అంకెలు లెక్కపెట్టరు.

ఆ షెడ్యూలర్ న్యాయం ఎలా చూస్తుందో తెలుసుకోవడం మంచిది. మంచి సిగ్నల్ ఉన్నవాళ్లకే అంతా ఇస్తే మొత్తం డేటా ఎక్కువ వెళుతుంది, కానీ మేడ వెనక గదిలో ఉన్నవాళ్లకి ఏమీ దక్కదు. అందరికీ సమానంగా డేటా ఇవ్వాలంటే ఇరుకు మూతి డబ్బా కథే మళ్లీ. అందుకని ప్రతి ఫోన్‌కీ 'దీని మామూలు స్థాయి కంటే ఈ క్షణంలో సిగ్నల్ ఎంత మెరుగ్గా ఉంది' అని చూసి, ఎవరికి ఆ నిష్పత్తి ఎక్కువగా ఉందో వాళ్లకి ఇస్తుంది. సిగ్నల్ క్షణక్షణానికీ మారుతూ ఉంటుంది కాబట్టి వెనక గదివాళ్లకీ వాళ్ల మంచి క్షణాలు వస్తాయి. పంపకంలో న్యాయం, పొదుపు రెండూ ఒకేసారి సాధ్యమే అని చెప్పే ఈ పద్ధతి అంటే నాకు గౌరవం. మీ రూటర్‌లో 'ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్' అని ఉంటే దానికి ఇది దూరపు చుట్టం. నెమ్మది ఫోన్‌కి కూడా ప్యాకెట్ల లెక్కన కాకుండా సమయం లెక్కన వంతు వేస్తుంది. ఆన్ చేసి పెట్టండి. వైఫై 6లో ఇంకో అడుగు వేశారు. 20 మెగాహెర్ట్జ్ చానల్‌ని తొమ్మిది ముక్కల దాకా కోసి, ఒకేసారి తొమ్మిది మందికి చిన్న చిన్న ప్యాకెట్లు పంపొచ్చు. అయితే అది తీసుకునే ఫోన్లు కూడా వైఫై 6వి అయి ఉండాలి. రూటర్ మార్చక తప్పని రోజు వస్తే యాంటెన్నాలు లెక్కపెట్టకండి, ఇది చూసి కొనండి.

అన్నిటికంటే పెద్ద ఉపాయం మాత్రం చిన్న సెల్స్. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో వచ్చిన ఆలోచన. ఊరంతటికీ ఒకే పెద్ద టవర్ బదులు చిన్న చిన్న టవర్లు పెట్టి, తక్కువ పవర్‌తో, అవే ఫ్రీక్వెన్సీల్ని కొంత దూరంలో మళ్లీ మళ్లీ వాడుకోవడం. మీ అపార్ట్‌మెంట్‌లో గోడలూ స్లాబులూ ఆ పని ఉచితంగా చేసి పెడుతున్నాయి. పవర్ పెంచినప్పుడు మనం పాడుచేసేది దాన్నే.

ఒక హాస్టల్ సంగతి రాయకుండా ఉండలేను, మీకూ పనికొస్తుంది. సీతమ్మధారలో ఆడపిల్లల హాస్టల్, పోటీ పరీక్షలకి చదివేవాళ్లు. మూడు కారిడార్లలో మూడు యాక్సెస్ పాయింట్లు (వైఫై పంచే డబ్బాలు), అన్నీ ఫుల్ పవర్. కారిడార్‌కి గోడల అడ్డు ఉండదు కాబట్టి మూడూ ఒకదానికొకటి స్పష్టంగా వినపడతాయి, మూడూ వంతులు వేసుకుంటున్నాయి. మూడు పెట్టినా ఒక్కటే ఉన్నట్టు. యజమాని నాలుగోది పెట్టమన్నారు. నేను కొత్తది పెట్టకుండా ఉన్నవాటిని కారిడార్లోంచి గదుల్లోకి మార్చాను. రెండింటిలో 2.4ని పూర్తిగా ఆపేశాను. మూడింటికీ 5లో వేరువేరు 20 మెగాహెర్ట్జ్ చానల్స్ ఇచ్చి, 12 ఎంబీపీఎస్ కంటే నెమ్మది వేగాల్ని తీసేశాను. హాల్లో టీవీకి కేబుల్ వేశాను. మొదటి రెండు రోజులు చివరి గది పిల్లలు, "అన్నా, మా గీతలు తగ్గిపోయాయి" అని ఫిర్యాదు చేశారు. గీతలు చూడకండమ్మా, క్లాసు చూడండి అన్నాను. తర్వాత ఫిర్యాదు రాలేదు.

రిపీటర్ జోలికి వెళ్లొద్దు. ప్లగ్‌లో పెట్టే చిన్న రిపీటర్ ప్రతి ప్యాకెట్‌నీ వైఫైలో విని, మళ్లీ అదే వైఫైలో చెబుతుంది. ఒక మాటకి రెండుసార్లు గాలి ఖర్చు. లోపలి గదికి అందకపోతే కేబుల్ లాగి అక్కడ చిన్న యాక్సెస్ పాయింట్ పెట్టండి, తక్కువ పవర్‌తో. మెష్ (కలిసి ఒకే వైఫైలా పనిచేసే డబ్బాల సెట్) కొన్నా ఆ డబ్బాల మధ్య కేబుల్ ఉంటేనే దాని అసలు ఉపయోగం.

మొబైల్ సిగ్నల్ బూస్టర్ అయితే ఇంకా ప్రమాదం. అనుమతి లేకుండా పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం. దాని గోల టవర్ చెవిలో పడి ఆ వీధి మొత్తానికి కాల్స్ తెగిపోవచ్చు. ఒక లాడ్జి మేడమీది బూస్టర్ తీయించిన రోజునే పక్క సందులో క్లినిక్ ఫోన్లు బాగుపడడం నేను చూశాను.

కొత్త దారి విషయానికొస్తే, 6 గిగాహెర్ట్జ్‌లో 5925 నుంచి 6425 దాకా 500 మెగాహెర్ట్జ్‌ని తక్కువ పవర్ వైఫైకి ఇవ్వడానికి కేంద్రం 2025 మేలో ముసాయిదా నిబంధనలు తెచ్చింది. అపార్ట్‌మెంట్లకి ఇది పెద్ద ఊరట. కానీ దానికోసం ఆగకండి, ఉన్నదాన్ని సర్దుకోవడం ఈ వారమే మొదలుపెట్టొచ్చు.

ఇరుగుపొరుగుతో మాట్లాడకుండా మీరొక్కరే ఎంత చేసినా సగమే దక్కుతుంది. ఎలా కదిలించాలో తెలియకపోతే హుద్‌హుద్ తుపాను గుర్తుచేయండి, అది చూసినవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. 2014 అక్టోబర్ 12 తర్వాత ఊళ్లో టవర్లు చాలా వరకు మూగబోయాయి. నిలబడ్డ కొద్దిపాటి టవర్ల మీద ఊరంతా పడింది. కాల్ కలవదు, మళ్లీ కొడతాం, మళ్లీ కలవదు. మా అమ్మ శ్రీకాకుళంలో ఉంది, నేను బతికున్నానో లేదో తెలియదు ఆవిడకి. కాల్ కోసం రెండు రోజులు కొట్టుకున్నాను. చివరికి 'అందరం క్షేమం' అని పెట్టిన మెసేజ్ వెళ్లింది. మెసేజ్‌కి టవర్ దగ్గర పట్టే చోటు అతి చిన్నది, కాల్‌కి పట్టేది పెద్దది. ఆ రోజుల్లో కాల్ కోసం పదేపదే నొక్కిన ప్రతివాళ్లమూ, నేనూ సహా, ఎవరో ఒకరి మెసేజ్‌కి అడ్డం పడ్డాం. మీటింగుల్లో నేను ఇది చెప్పినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడరు, ఆ తర్వాత పవర్ తగ్గించడానికి ఎవరూ కాదనలేదు.

మీరు చేయాల్సింది ఇప్పుడు. ఈరోజు రాత్రే కేబుల్ పరీక్ష. రేపు టీవీకి కేబుల్, 5 గిగాహెర్ట్జ్‌లో 40 వెడల్పు, 2.4లో 20 వెడల్పు, పవర్ మీడియం. పిల్ల క్లాసు వినే ల్యాప్‌టాప్‌కి వీలైతే అదీ కేబుల్ మీదే. తర్వాత ఫోన్‌లో ఏదైనా వైఫై అనలైజర్ యాప్ పెట్టుకుని, రాత్రి తొమ్మిదికి ప్రతి అంతస్తు లిఫ్ట్ దగ్గర నిలబడి స్క్రీన్‌షాట్ తీయండి. అయిదు అంతస్తులవీ, ఫ్లాట్లు ఏ వరసలో ఉన్నాయో చేత్తో గీసిన బొమ్మా ఇక్కడ పెట్టండి. పేర్లలో ఇంటివాళ్ల వివరాలుంటే చెరిపేసి పెట్టండి. నలభై ఫ్లాట్లకి ఏ చానల్ ఎవరిదో పట్టిక వేసి ఇస్తాను, మీటర్ల గది తలుపుకి అతికించుకోండి.